వేడి వాయువులో షాక్ వేవ్: ఉష్ణ వికిరణాన్ని లెక్కలోకి తెచ్చే పద్ధతి

కాలేజీ సిలబస్‌లో షాక్ వేవ్ (వాయువులో ధ్వని కంటే వేగంగా పోతూ పీడనాన్ని, ఉష్ణోగ్రతను ఒక్కసారిగా పెంచే అల) పాఠం వికిరణం ఊసెత్తకుండానే ముగుస్తుంది. షాక్ ముందున్న వాయువు సాంద్రత, పీడనం, షాక్ వేగం తెలిస్తే చాలు, షాక్ ముందు, వెనక స్థితులను కలిపే రాంకిన్-హ్యూగోనియో సమీకరణాల్లో వేసి వెనక స్థితి తీసేస్తాం. వెనక వాయువు రెండు మూడు వేల కెల్విన్‌ల దగ్గర ఉన్నంతవరకు ఆ జవాబుకు ఢోకా లేదు. లక్ష కెల్విన్‌ల దగ్గరికి వచ్చేసరికి అదే లెక్క షాక్ ఆకారాన్నే తప్పుగా చూపిస్తుంది.

నిట్ వరంగల్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్లు, సొంతంగా కోడ్ రాసుకుంటున్నవాళ్లు మొదటి వారంలో చేయాల్సిన పని ఇక్కడ ఉంది. సగం పనికి ఎక్సెల్ షీట్ చాలు. మొదటే ఒక మాట గట్టిగా చెప్పాలి: వికిరణం షాక్‌ను మార్చేది ముందుగా తన శక్తి ప్రవాహంతో, అంటే ఫ్లక్స్‌తో. వికిరణ పీడనం వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. పీడనం ఒక్కటే పోల్చి చూసి "ఇంత తక్కువుంది, వదిలేద్దాం" అనుకోవడమే ఈ అంశంలో అన్నిటికంటే పెద్ద పొరపాటు.

దగ్గర పెట్టుకోవాల్సిన అంకెలు

స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం సిగ్మా 5.670 × 10⁻⁸, వికిరణ సాంద్రత స్థిరాంకం 7.566 × 10⁻¹⁶, బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం 1.381 × 10⁻²³, పరమాణు ద్రవ్యరాశి ప్రమాణం 1.661 × 10⁻²⁷ కిలోలు, కాంతి వేగం సెకనుకు 2.998 × 10⁸ మీటర్లు. అన్నీ ఎస్ఐ ప్రమాణాల్లోనే. నాలుగు సిగ్మాలను కాంతి వేగంతో భాగిస్తే రెండో అంకె రావాలి. రాకపోతే ఎక్కడో టైపింగ్ తప్పు దొర్లినట్టే. 1 ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే 11,605 కెల్విన్‌లు. ఈ రంగంలో పేపర్లు ఎక్కువగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలోనే రాస్తారు. మార్చడం మరిచిపోతే టీ⁴లో (ఉష్ణోగ్రత నాలుగో ఘాతంలో) ఆ తప్పు 10¹⁶ రెట్లు అవుతుంది.

లెక్క అంతా షాక్ నిలబడి ఉండి, వాయువు ఎదురుగా వచ్చి దూసుకుపోతున్నట్టు చేయాలి. ల్యాబ్ నుంచి చూసే వేగాలను మధ్యలో కలపొద్దు.

మొదటి అడుగు: వికిరణం లేనట్టే వెనక ఉష్ణోగ్రత

గామా (స్థిర పీడన, స్థిర ఘనపరిమాణ విశిష్టోష్ణాల నిష్పత్తి) 5/3 ఉన్న వాయువులో బలమైన షాక్ తగిలితే సాంద్రత 4 రెట్లు అవుతుంది. వెనక ఉష్ణోగ్రత, అంటే టీ₂ = (3/16) × ఒక కణం సగటు ద్రవ్యరాశి × వేగం² ÷ బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం.

ఇక్కడ కణం అంటే పరమాణువు కాదు. అయనీకరణం జరిగితే ఎలక్ట్రాన్లు కూడా లెక్కలోకి వస్తాయి. పూర్తిగా అయనీకరణమైన హైడ్రోజన్‌లో సగటు ద్రవ్యరాశి 0.5 ప్రమాణాలు. షాక్ వేగం సెకనుకు 100 కిలోమీటర్లు అనుకుంటే టీ₂ సుమారు 1,13,000 కెల్విన్‌లు వస్తుంది.

వేగం తగ్గినప్పుడు ఈ సూత్రాన్ని నమ్మే ముందు ఒకటి చూసుకోవాలి. 100 కిలోమీటర్ల వేగంలో ఒక్కో ప్రోటాన్ గతిశక్తి 52 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, హైడ్రోజన్‌ను అయనీకరించడానికి కావాల్సింది 13.6. ఖర్చు ఉంది కానీ భరించగలదు. వేగం 50కి దిగితే గతిశక్తి 13కు పడిపోతుంది, అయనీకరణానికే చాలదు. అప్పుడు ఈ సూత్రం ఇచ్చే ఉష్ణోగ్రతకు అర్థం లేదు. సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణాన్ని శక్తి సమీకరణంతో కలిపి సాధించాల్సిందే. ఆర్గాన్, గాలి లాంటి వాటికి ఈ జాగ్రత్త మరీ ఎక్కువ అవసరం. సెకనుకు 5 కిలోమీటర్ల షాక్‌కు ఆర్గాన్‌లో పై సూత్రం 22,500 కెల్విన్‌లు అంటుంది. నిజంగా అంత రాదు, ఆ శక్తిలో పెద్ద వాటా అయనీకరణంలోకే పోతుంది.

రెండో అడుగు: మూడు నిష్పత్తులు

మొదటిది ఫ్లక్స్ నిష్పత్తి: సిగ్మా × టీ₂⁴ ని (సాంద్రత × వేగం³ ÷ 2) తో భాగించండి. కింద ఉన్నది ఎదురుగా వచ్చే వాయువు చదరపు మీటరుకు సెకనుకు మోసుకొచ్చే గతిశక్తి. టీ₂ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి పైన వేగం⁸, కింద వేగం³. మొత్తానికి నిష్పత్తి వేగం⁵ తో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే వికిరణం బలం 32 రెట్లు. సాంద్రత సగమైతే నిష్పత్తి రెట్టింపు. పలచటి వాయువుల్లో వికిరణం ముందుగా పైచేయి సాధించేది అందుకే.

రెండోది పీడన నిష్పత్తి: వికిరణ పీడనాన్ని వాయు పీడనంతో (సాంద్రత × వేగం² × 3/4) భాగించాలి. దీన్ని విడిగా లెక్కించనక్కర్లేదు. మొదటి నిష్పత్తిని 0.89 తోనూ, వేగం ÷ కాంతి వేగం తోనూ గుణిస్తే వచ్చేస్తుంది. 100 కిలోమీటర్ల షాక్‌కు ఆ చివరి భిన్నం మూడు వేలలో ఒక వంతు. అంటే ఫ్లక్స్ గతిశక్తితో సమానమయ్యేసరికి కూడా పీడనం పదివేలలో మూడు వంతులే ఉంటుంది. పీడనాన్ని చూసి వికిరణాన్ని వదిలేయొద్దని ముందే చెప్పింది ఇందుకే.

మూడోది కాంతి మందం, అంటే దారిలో ఎన్ని సగటు స్వేచ్ఛా పథాలు (ఫోటాన్ అడ్డు తగలకుండా సగటున పోయే దూరాలు) ఉన్నాయన్నది. స్వేచ్ఛా పథం = 1 ÷ (ఓపాసిటీ × సాంద్రత). ఓపాసిటీ అంటే కిలో వాయువు వికిరణాన్ని ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె. షాక్ ముందు వైపు, వెనక వైపు విడివిడిగా చూడాలి. రెండు వైపులా మందంగా ఉన్న షాక్, ముందు వైపు మాత్రమే పారదర్శకంగా ఉన్న షాక్ పూర్తిగా వేర్వేరు సమస్యలు.

మన బొగ్గు గనుల ప్రాంతానికి దగ్గరగా ఉండే లెక్కతో దీన్ని పరీక్షించుకోండి. సరైన పాళ్లలో ఉన్న మీథేన్-గాలి మిశ్రమంలో డిటోనేషన్ (షాక్‌తో కలిసి దూసుకుపోయే మంట) వేగం సెకనుకు సుమారు 1,800 మీటర్లు, వెనక ఉష్ణోగ్రత సుమారు 2,780 కెల్విన్‌లు. మే నెల ఎండలో ఇక్కడి గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.1 కిలో అనుకోండి. సిగ్మా టీ⁴ చదరపు మీటరుకు 34 లక్షల వాట్లు, గతిశక్తి ప్రవాహం 320 కోట్ల వాట్లు. నిష్పత్తి వెయ్యిలో ఒక వంతు. షాక్ లెక్కలో వికిరణాన్ని నిస్సంకోచంగా తీసేయవచ్చు. మనిషి ఒంటిని కాల్చడానికి ఆ 34 లక్షల వాట్లు ఎక్కువే. భద్రత లెక్క వేరు, షాక్ లెక్క వేరు.

మూడో అడుగు: రెండు వైపులా మందమైన వాయువు

అసలు భౌతికశాస్త్రం ఇక్కడే ఉంది. వెనకున్న వేడి వాయువు నుంచి వికిరణం షాక్‌ను దాటి ముందుకు పోతుంది, ఇంకా షాక్ తగలని వాయువు దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది. పొయ్యి దగ్గరికి పోతుంటే మంట తాకకముందే సెగ తగిలినట్టు. ఈ ముందు వేడి ప్రాంతాన్ని ప్రికర్సర్ అంటారు. శక్తి బయటికి పోయే దారి లేదు కాబట్టి చాలా వెనక వాయువు మళ్లీ టీ₂ దగ్గరే స్థిరపడుతుంది. మారేది మధ్యలో ఉన్న నిర్మాణం.

ఎక్సెల్ తెరవండి. ఈటా అంటే ఆ చోట వేగం ÷ మొదటి వేగం అనుకుందాం (సాంద్రత దానికి విలోమం). మొదటి కాలమ్‌లో ఈటాను 1 నుంచి 0.25 దాకా 0.01 చొప్పున దించండి, 76 వరసలు వస్తాయి. రెండో కాలమ్‌లో ఈటా × (1 − ఈటా). ఇది ఉష్ణోగ్రత, 0.1875 దగ్గర టీ₂ అవుతుంది. మూడో కాలమ్‌లో (1 − ఈటా) × (4 × ఈటా − 1). ఇది షాక్ ముందుకు పారే ఫ్లక్స్, గతిశక్తి ప్రవాహంలో వాటాగా. గామా 5/3, బలమైన షాక్, వికిరణ పీడనం వదిలేయదగినంత తక్కువ అన్న షరతులతో ద్రవ్యరాశి, ద్రవ్యవేగం, శక్తి నిత్యత్వాలు మూడూ కలిస్తే వచ్చేది ఇంతే. ఈటా 0.95 దగ్గర ఉష్ణోగ్రత 0.0475, ఫ్లక్స్ 0.14 రావాలి. 0.85 దగ్గర 0.1275, 0.36. 0.75 దగ్గర 0.1875, 0.50.

ఈ 0.75 వరస మీద కాసేపు ఆగండి. ఈటా 0.75 అంటే సాంద్రత ఇంకా 1.33 రెట్లే, షాక్ ఇంకా తగలనేలేదు. అయినా ఉష్ణోగ్రత అప్పటికే టీ₂కి చేరిపోయింది. ప్రికర్సర్ అంతకంటే వేడెక్కదు. ఆ స్థితికి చేర్చడానికి కావాల్సిన ఫ్లక్స్ గతిశక్తి ప్రవాహంలో సగం, అంటే సాంద్రత × వేగం³ ÷ 4. సిగ్మా టీ₂⁴ ఇంతకు తక్కువైతే షాక్ సబ్‌క్రిటికల్, ఎక్కువైతే సూపర్‌క్రిటికల్. మన 100 కిలోమీటర్ల హైడ్రోజన్‌లో సిగ్మా టీ₂⁴ చదరపు మీటరుకు 9.17 × 10¹² వాట్లు. సరిహద్దు సాంద్రత ఘనపు మీటరుకు 0.037 కిలోలు.

షాక్ తగిలే చోట ఫ్లక్స్ తెగదు, ఇరువైపులా ఒకటే ఉంటుంది. మూడో కాలమ్ 0.625కు అటూ ఇటూ సమరూపంగా ఉంటుంది కాబట్టి షాక్ ముందు ఈటా, వెనక ఈటా కలిపితే 1.25. సూపర్‌క్రిటికల్ షాక్‌లో ముందు 0.75 ఉంటే వెనక 0.50. అక్కడ రెండో కాలమ్ 0.25, అంటే టీ₂కి 4/3 రెట్లు. సన్నటి పొరలో ఉష్ణోగ్రత తుది విలువను దాటి పైకి లేచి, వికిరణం ద్వారా శక్తి కోల్పోతూ టీ₂కి దిగుతుంది. ఆ లోపు సాంద్రత 2 రెట్ల నుంచి 4 రెట్లకు పోతుంది. దీన్నే జెల్డోవిచ్ స్పైక్ అంటారు. ఏ గామాకైనా సూపర్‌క్రిటికల్ స్పైక్ ఎత్తు (3 − గామా) రెట్లు, గామా 1.4 అయితే 1.6.

సబ్‌క్రిటికల్‌కు కూడా అదే షీట్ పనికొస్తుంది. సాంద్రత 0.146 తీసుకోండి, సరిహద్దుకు నాలుగు రెట్లు. ఫ్లక్స్ నిష్పత్తి 0.125. షాక్ ముందుకు పంపేది సుమారు సిగ్మా టీ₂⁴ అనుకుని మూడో కాలమ్‌ను 0.125కు సమానం చేస్తే ఈటా 0.956, ఉష్ణోగ్రత టీ₂లో 0.226 వంతు, అంటే ప్రికర్సర్ కొన దగ్గర 25,000 కెల్విన్‌ల పైచిలుకు. షాక్ వెనక ఈటా 0.294, ఉష్ణోగ్రత టీ₂కి 1.11 రెట్లు. ఇది అంచనాయే. కోడ్ ఇచ్చే జవాబు దీనికి దరిదాపుల్లో లేకపోతే తప్పు కోడ్‌లో వెతకండి.

ఎంత పొడవు, ఎంత సన్నం

సూపర్‌క్రిటికల్ ప్రికర్సర్ పొడవు స్వేచ్ఛా పథాల్లో సుమారు 6.3 × సిగ్మా టీ₂⁴ ÷ (సాంద్రత × వేగం³). వ్యాపన సమీకరణంలో (మందమైన వాయువులో వికిరణం వేడిలా పాకుతుందని లెక్కించేది) ఉష్ణోగ్రత ఘనం దూరంతో సమానంగా పెరుగుతుంది కాబట్టి ప్రికర్సర్ ముందు అంచు కత్తిరించినట్టు ఉంటుంది, తోకలా సాగదు. ఓపాసిటీ ఉష్ణోగ్రతతో మారితే దూరంలో ఆకారం మారుతుంది, స్వేచ్ఛా పథాల లెక్కలో మారదు.

సాంద్రత 0.0037, అంటే సరిహద్దులో పదో వంతు, ఓపాసిటీ కిలోకు 1,000 చదరపు మీటర్లు అనుకుని చేద్దాం. స్వేచ్ఛా పథం 27 సెంటీమీటర్లు. ప్రికర్సర్ 16 స్వేచ్ఛా పథాలు, అంటే 4 మీటర్ల పైన. స్పైక్‌లో నికరంగా వెలువడే శక్తిని పట్టి చూస్తే మొదటి వేగవంతమైన పతనం స్వేచ్ఛా పథంలో నూరో వంతులోనే జరుగుతుంది. అక్కడి రెట్టింపు సాంద్రతలో అది ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఒకే సమస్యలో 4 మీటర్లు, ఒకటిన్నర మిల్లీమీటర్లు! స్పైక్‌కు పది సెల్స్ (గ్రిడ్ గడులు) ఇస్తే సెల్ 0.15 మిల్లీమీటర్లు. సమాన గ్రిడ్ అయితే ప్రికర్సర్‌కే దాదాపు 29,000 సెల్స్ కావాలి. అందుకే షాక్ దగ్గర చిక్కగా, దూరం పోయేకొద్దీ పలచగా గ్రిడ్ వేయాలి. దాన్ని మీటర్లలో కాకుండా స్వేచ్ఛా పథాల్లో వేస్తే ఇంకా మేలు.

కోడ్‌లో తప్పులు దొర్లే చోట్లు

స్పైక్ కనిపించడం లేదా? సెల్ పెద్దదై ఉండాలి, లేకపోతే వాయువుకూ వికిరణానికీ ఒకే ఉష్ణోగ్రత పెట్టి ఉండాలి. ఒకే ఉష్ణోగ్రత ఉన్న మోడల్‌లో ఈటా 0.75 నుంచి నేరుగా 0.25కు దూకుతుంది, ఉష్ణోగ్రతలో కదలికే ఉండదు. తుది స్థితి ఒప్పే వస్తుంది కాబట్టి ఈ లోపం బయటపడదు. స్పైక్ కావాలంటే రెండు ఉష్ణోగ్రతలు విడిగా నడపాలి. కృత్రిమ స్నిగ్ధత (షాక్‌ను కొన్ని సెల్స్ మీద పరచడానికి కోడ్‌లో కలిపే జిగట) ఎక్కువ పెట్టినా స్పైక్ కరిగిపోతుంది.

ప్రికర్సర్ కాంతి వేగాన్ని మించి పరుగెడుతోందా? వ్యాపన సమీకరణం పలచటి చోట ఫ్లక్స్‌ను మితిమీరి ఇస్తుంది. ఫ్లక్స్‌ను హద్దులో ఉంచే గుణకం, అంటే ఫ్లక్స్ లిమిటర్ పెట్టాలి. లెవర్‌మోర్, పామ్రానింగ్ 1981లో ఇచ్చినదానికి తేలికైన రూపం (2 + ఆర్) ÷ (6 + 3 ఆర్ + ఆర్²). ఇక్కడ ఆర్ అంటే వికిరణ శక్తి వాలును ఆ శక్తితోనూ, ఓపాసిటీ × సాంద్రతతోనూ భాగించగా వచ్చేది. ఆర్ సున్నా దగ్గర 1/3 రావాలి, పెద్దదైతే 1/ఆర్ రావాలి.

ఓపాసిటీలు రెండు కావాలి. వ్యాపనానికి రోస్‌లాండ్ సగటు, వాయువు వికిరణాన్ని వెలువరించడానికీ పీల్చుకోవడానికీ ప్లాంక్ సగటు. రెండూ కొన్నిసార్లు పదుల రెట్లు తేడాగా ఉంటాయి. ఒక్కటే తీసుకుని రెండు చోట్లా వాడితే ప్రికర్సర్ పొడవో స్పైక్ మందమో తప్పక చెడుతుంది. ఎలక్ట్రాన్ ప్రకీర్ణనాన్ని శోషణలో కలిపేయడం ఇలాంటి ఇంకో తప్పు. ప్రకీర్ణనం ఫోటాన్ దారి మళ్లిస్తుంది తప్ప వాయువును పెద్దగా వేడి చేయదు.

కాల అడుగు: పై గ్రిడ్‌లో వాయువు ఒక సెల్ దాటడానికి 1.5 నానోసెకన్లు, కాంతికి 0.5 పికోసెకన్లు. మూడు వేల రెట్ల తేడా. వికిరణ భాగాన్ని ఇంప్లిసిట్‌గా (తర్వాతి అడుగు విలువలతోనే సమీకరణం రాసి) సాధించక తప్పదు.

కోడ్ మీద నమ్మకం కుదరడానికి ముందు వికిరణం స్వల్పంగా ఉన్న మాక్ 2 (ధ్వని వేగానికి రెండు రెట్లు) షాక్ నడపండి. గామా 5/3 కి చివర సాంద్రత 2.286 రెట్లు, ఉష్ణోగ్రత 2.078 రెట్లు రావాలి. తర్వాత ప్రతి సెల్‌లో వాయు శక్తి ప్రవాహం, వికిరణ ఫ్లక్స్ కలిపి గ్రాఫ్ గీయండి. స్థిర షాక్‌లో అది గీత గీసినట్టు సమంగా ఉండాలి. వంపు ఉంటే ఇంకా స్థిరపడలేదు, లేదా శక్తి ఎక్కడో కారిపోతోంది.

ముందు వైపు పారదర్శకమైతే

ఇప్పుడు శక్తి తిరిగి రాదు. చివరి సాంద్రత 4 రెట్లకు కట్టుబడి ఉండదు. వాయువు మళ్లీ మొదటి ఉష్ణోగ్రతకే చల్లబడితే సాంద్రత ఐసోథర్మల్ మాక్ సంఖ్య (షాక్ వేగం ÷ స్థిర ఉష్ణోగ్రత లెక్కన ధ్వని వేగం) వర్గమంత పెరుగుతుంది. ఆ సంఖ్య 10 అయితే 100 రెట్లు.

ఇక్కడ టీ₂ సూత్రాన్ని నేరుగా వాడొద్దు. ల్యాబుల్లో లేజర్‌తో జెనాన్‌లో నడిపే తరహా షాక్ తీసుకోండి: సాంద్రత ఘనపు మీటరుకు 6 కిలోలు, వేగం సెకనుకు 150 కిలోమీటర్లు. పరమాణువుకు పది ఎలక్ట్రాన్లు ఊడాయనుకుంటే సూత్రం 60 లక్షల కెల్విన్‌లు చెబుతుంది. ఆ ఉష్ణోగ్రతలో వికిరణం చదరపు మీటరుకు 8 × 10¹⁹ వాట్లు, వచ్చే శక్తి 10¹⁶ వాట్లే. వచ్చిన దానికంటే వేల రెట్లు ఎలా పంపుతుంది? అందుకే పైపరిమితిని శక్తితోనే కట్టాలి: 2 × సిగ్మా × టీ⁴ = సాంద్రత × వేగం³ ÷ 2. జవాబు సుమారు 5,47,000 కెల్విన్‌లు, 47 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. గొట్టంలో నడిపే షాక్‌కు ఇంకో చూపు అవసరం. ప్రికర్సర్ గొట్టం వ్యాసం కంటే పొడవైతే వికిరణం పక్క గోడల్లోకి పోతుంది, ఒక దిశ లెక్క అక్కడితో చెల్లదు.

వెనక పొర కూడా పలచగా ఉంటే సిగ్మా టీ⁴ పూర్తిగా వెలువడదు. ఒక్కో వైపుకు 2 × ప్లాంక్ ఓపాసిటీ × సాంద్రత × పొర మందం × సిగ్మా టీ⁴ మాత్రమే. వాతావరణంలోకి తిరిగి దిగే వ్యోమనౌకల ముందు షాక్ పొర ఎక్కువగా ఈ కోవలోనిదే. భూకక్ష్య నుంచి దిగే గగన్‌యాన్ లాంటి నౌక వేగం సెకనుకు 7.8 కిలోమీటర్ల దగ్గర, అక్కడ వికిరణం వాటా చిన్నది. చంద్రుడి నుంచి తిరిగొచ్చే 11 కిలోమీటర్ల దగ్గర దాన్ని తప్పక లెక్కించాలి. 1995 డిసెంబరు 7న గెలీలియో ప్రోబ్ సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో గురుగ్రహంలోకి దూకినప్పుడు 152 కిలోల ఉష్ణకవచంలో దాదాపు 80 కిలోలు హరించుకుపోయాయి.

పీడనం ఎప్పుడు

0.037 సాంద్రత హైడ్రోజన్‌లోనే వేగం పెంచుకుంటూ పోండి. పీడన నిష్పత్తి వేగం⁶ తో పెరుగుతుంది. 100 కిలోమీటర్ల దగ్గర ఫ్లక్స్ రంగంలోకి దిగితే, పీడనం వాయు పీడనంతో సమానమయ్యేది సుమారు 430 దగ్గర. నిజానికి అప్పటికి శక్తిలో పెద్ద భాగం వికిరణంలోకి పోయి ఉంటుంది కాబట్టి టీ₂ సూత్రం ఎక్కువ చూపిస్తుంది, ఇది స్థూలమైన అంచనా. ఆ పైన ద్రవ్యవేగ సమీకరణంలో వికిరణ పీడనాన్ని, శక్తి సమీకరణంలో దానికి నాలుగు రెట్లను కలపాలి. వికిరణమే పూర్తిగా ఆధిపత్యం వహిస్తే గామా 4/3 లా పనిచేస్తుంది, సాంద్రత పరిమితి 4 నుంచి 7కు మారుతుంది.